పదకొండు నత్తలు

నాలుగుసార్లు కొట్టానమ్మా. నాలుగుసార్లూ కట్ చేశావు. ఏం, చచ్చినవాడి పేరు కనబడిందని భయపడ్డావా? నీ ఫోన్లో భజహరి బాగ్ది అని వచ్చుంటుంది. ఆయన కాదులే. మా ముసలాయన పోయి నెల దాటింది. నేనూ, ఖీరోదని. కాలువ గట్టు మీద మాసీ మాసీ అంటూ నా వెనకాలే తిరిగేదానివే, ఆ మాసీని.

ఆఁ, ఆయన ఫోనే. నాకు అక్షరం ముక్క రాదు కదా, టీకొట్టు పటల్ నొక్కిచ్చాడు. "దిదిమణి కాలేజీ పనుల్లో ఉంటుంది, నీ ఫోనెత్తుతుందా పిన్నీ?" అన్నాడు వెధవ. ఎందుకెత్తదురా, నా చేతి మరమరాలు తిన్న పిల్ల అన్నాను. చూడు, నా పరువు తీయబోయావు.

లేదమ్మా, నీ మీద కోపం కాదు. ఉండు, గట్టు మీదికొస్తాను. లోపల సరిగ్గా వినబడదు.

ఇప్పుడు వినబడుతోందా? అదే, ఆ బుడబుడే. గొట్టం చప్పుడు. రెండోది! జీన్సు గుడ్డలకి రంగులేసేవాళ్ళది, పాతదాని పక్కనే నిన్న దింపారు. మొన్నటిదాకా కాలువ పొద్దున నీలం, సాయంత్రానికి నలుపు. ఇప్పుడు రెండూ కలిసి... ఏం రంగని చెప్పను నీకు? కుళ్ళిన పుండు కట్టు విప్పితే ఉంటుందే, ఆ రంగు.

ఎవరు దింపమన్నారు అంటావేంటి? నువ్వే దింపమన్నావు.

ఉండుండు, అరవకు. నువ్వంటే నువ్వు కాదు, నీ కాగితం. పోయిన మంగళవారం వార్డు ఆఫీసుకెళ్ళాం, బస్తీ బస్తీ అంతా. గొట్టం మూయించండి బాబూ అని. అక్కడి బాబు కుర్చీలో వెనక్కి వాలి, "మాసీ, మీ కాలువకేమైంది? బతికే ఉంది. కాలేజీవాళ్ళే రాశారు. అడుగున పదకొండు నత్తలున్నాయట, పిల్లలు కూడా పెట్టాయట. ఇంకేం కావాలి మీకు, వాటికి పురుడు పోయాలా?" అన్నాడు. అందరూ నవ్వారు. మావాళ్ళు కూడా నవ్వారమ్మా.

నేను నవ్వలేదు. ఆ పదకొండు సంగతి చెప్దామనే నీకు ఫోన్ చేసింది.

చెప్తాను. తొందరపెట్టకు. నోట్లోంచి రావద్దూ?

నువ్వు మొదటిసారి వచ్చిన రోజు గుర్తుందా? మోకాళ్ళదాకా రబ్బరు బూట్లు, చేతిలో వల, చంకలో తెల్లపళ్ళెం. మా ముసలాయన నిన్ను చూసి, "ఏం దిదిమణీ, రొయ్యలకొచ్చావా? ఇరవయ్యేళ్ళు లేటు!" అన్నాడు. నువ్వు నవ్వి, "కాకా, నీళ్ళని నమ్మలేం. పొద్దున ఒకలా ఉంటాయి, సాయంత్రం ఒకలా ఉంటాయి. అడుగున బతికేవి అలా కాదు. అవి పారిపోలేవు. వచ్చిన విషమంతా వాటి నెత్తి మీంచే పోవాలి. అవి ఉన్నాయా లేవా, అదే సాక్ష్యం" అన్నావు.

నువ్వెళ్ళాక ఆయన, "పారిపోలేనివాళ్ళే సాక్ష్యమైతే, మన బస్తీ కూడా సాక్ష్యమేనే" అన్నాడు.

ఇంకో మాట కూడా అన్నావు. అదే నా పీక మీదికి వచ్చింది. ఎర్రపురుగులు తప్ప ఇంకేం దొరక్కపోతే కాలువ చచ్చిందని రాస్తాను, అప్పుడు గొట్టం మూయక తప్పదు అన్నావు.

ఎర్రపురుగుల గురించి నువ్వు మాకు చెప్పాలా? పాతికేళ్ళు వాటిని అమ్ముకునే తిన్నాం. ఆయన నల్లబురద చేటతో ఎత్తి, కడిగి, తడిగుడ్డలో ముద్ద కట్టి, అద్దాల పెట్టెల్లో చేపలు పెంచేవాళ్ళకి ఇచ్చొచ్చేవాడు. కాలువ ఎంత కుళ్ళితే అవి అంత బలుస్తాయి. ఆయనకి ముద్ద దిగేది కాదు ఒక్కోసారి. "మన పొయ్యి వెలగాలంటే కాలువ చావాలా? ఇదేం బతుకే?" అనేవాడు. నేను కసిరేదాన్ని. తిను ముందు, తిన్నాక ఏడువు, అని.

నేను కోడలిగా వచ్చినప్పుడు ఇలా లేదమ్మా. నడుం లోతు దిగి, పాదంతో తడుముకుంటూ పోయేదాన్ని. కళ్ళతో పనే లేదు. గుండ్రంగా జారిందంటే నత్త, కోసిందంటే ఆల్చిప్ప, గిలిగింత పెట్టి పరిగెత్తిందంటే పీత. రాయి లేపితే కింద తూనీగ పిల్లలు, ఆరు కాళ్ళేసుకుని, నన్నెందుకు లేపావే అన్నట్టు చూసేవి. ఏది ముందు పోయిందో, ఏది తర్వాత పోయిందో ఇంట్లో చావులు చెప్పినట్టు చెప్తాను. తూనీగలు ముందు. తర్వాత పీతలు. ఆల్చిప్పలు వంతెన కట్టిన ఏడు. నత్తలు అన్నిటికన్నా మొండివి, అవీ పోయాయి. చివరికి ఎర్రపురుగులు మిగిలాయి. ఈ నీలంనీళ్ళు వచ్చాక అవి కూడా తగ్గిపోయాయి. అవి కూడా!

ఏడవటం లేదు. జలుబు.

ఆయన మంచం పట్టాక మంచాన్ని గుమ్మంలోకి లాగమన్నాడు, కాలువ కనబడేలాగ. ఊపిరి అందేది కాదు, మాట మాత్రం ఆగేది కాదు. రోజూ ఒకటే ప్రశ్న, నత్తల గురించే. నేను నీళ్ళలోంచి ఎక్కి రాగానే, "ఏమే, తగిలాయా?" లేదు. "ఏమే, తగిలాయా?" లేదు. ఎన్నిసార్లని లేదంటావమ్మా, రేపో మాపో పోయేవాడితో? ఓరోజు నోరు జారింది. ఆఁ, రెండు తగిలాయి, చిన్నవి, వదిలేశాను అన్నాను.

ఆ మొహం చూడాల్సింది నువ్వు. పెళ్ళినాడు కూడా అలా వెలగలేదు!

ఇక చూస్కో. మర్నాడు నాలుగన్నాను. ఆ మర్నాడు ఏడు. అబద్ధం కూడా నత్త లాంటిదే, చప్పుడు చెయ్యకుండా ఎంత దూరమైనా పోతుంది. "అయితే ఓ పూట ఆ నత్తలతో గుగ్లీ కూర వండు. ఆవనూనె వేసి, పచ్చిమిరపకాయ చిదిమి" అన్నాడు. స్టేషను దగ్గర పల్లెటూరి ఆడవాళ్ళు అమ్ముతారు కదా, చెరువు నత్తలు. తెచ్చి వండాను. రెండు ముద్దలు తిన్నాడు. తిని, "తడుముతుంటే చూడాలనుంది. రేపు గుమ్మానికి ఎదురుగా దిగవే" అన్నాడు.

ఏం చెయ్యమంటావు? చెప్పు, నువ్వే చెప్పు, చదువుకున్నదానివి.

తెల్లారుతూనే వెళ్ళి బతికున్నవి తెచ్చాను, రెండు దోసిళ్ళు. ఆయన కళ్ళు మూసుకున్నప్పుడు గుమ్మానికి ఎదురుగా, మెట్టు కింద బురదలో పెట్టాను. లేచాక దిగాను. తడుముతున్నట్టు నటించి ఒక్కోటీ తీసి పైకెత్తి చూపించాను. పిల్లాడిలాగా చప్పట్లు కొట్టాడమ్మా. ఆ ఎముకల చేతులతో.

అక్కడితో అయిపోతే బాగుండు.

అది శ్రావణం. శ్రావణంలో నత్తలు కడుపుతో ఉంటాయి. చేతిలోకి తీసుకోగానే తెలుస్తుంది, బరువు వేరు. మా అత్త నేర్పింది, కడుపుతో ఉన్నదాన్ని వండకూడదు, నీళ్ళకి తిరిగిచ్చెయ్యాలి అని. వండిన ఇంట్లో ఊయల ఊగదట. నా ఇంట్లో ఎలాగూ ఊగలేదనుకో, అది వేరే సంగతి. అయినా చెయ్యి ఊరుకుంటుందా? యాభై ఏళ్ళ అలవాటు. తేలికవి బుట్టలో వేశాను. బరువువి తీసి తీసి నీళ్ళలో వదిలేశాను. ఆయన చూస్తూనే ఉన్నాడు. "అదీ పద్ధతి" అన్నాడు.

మర్నాడు పొద్దున్నే నువ్వు దిగబడ్డావు.

అమావాస్య దాటాక వస్తానన్నావు కదే! వాన పడేలా ఉంది, ఇవాళే చూసేస్తాను మాసీ అంటూ తిన్నగా ఆ మెట్టు దగ్గరే వల వేశావు. పళ్ళెంలో పోశావు. నీళ్ళు తేరుకున్నాయి. నువ్వు ఒకటీ రెండూ అని లెక్కపెట్టావు. పదకొండు. ఆ పక్కన ఆవగింజలంత పిల్లలు. రాత్రికి రాత్రి కనేశాయమ్మా, ఆ చెరువు ఆడవి, మా విషంలో. నువ్వు గంతేశావు. "మాసీ, పిల్లలు! ఎక్కడినుంచో కొట్టుకొచ్చినవి కావు, ఇక్కడే పుట్టాయి!" అన్నావు.

ఇక్కడే పుట్టాయి. ఆ మాట నిజమే.

ఎందుకు చెప్పలేదా? తల్లీ, గుమ్మం పది అడుగులు కూడా లేదు. ఆయన అక్కడే ఉన్నాడు. నీ కేక విని తలెత్తి, "ఎన్ని దిదిమణీ?" అనడిగాడు. "పదకొండు కాకా!" అన్నావు. ఆయన నా వైపు చూసి నవ్వాడు. ఆ నవ్వు ముందు నోరెలా తెరవను? సాయంత్రం చెప్దామనుకున్నాను. సాయంత్రం ఆయనకి ఊపిరి ఎగశ్వాస అయింది. రేపు చెప్దామనుకున్నాను. ఎనిమిదో రోజుకి ఆయన పోయాడు. తర్వాత ఆయన దినాలు, చుట్టాలు, ఏడుపులు. ఈలోగా నీ కాగితం వెళ్ళిపోయింది.

ఆ నత్తలా? నువ్వు జాగ్రత్తగా తిరిగి వదిలిపెట్టావుగా. రెండోరోజే నోళ్ళు తెరిచేశాయి. మూతలూడిపోయి, లోపల మాంసం నీలంగా. పిల్లలు కనబడను కూడా లేదు. ఆయన చూస్తాడని చిప్పలన్నీ ఏరి కొంగులో కట్టుకున్నాను. ఇప్పటికీ ఉన్నాయి, బియ్యం డబ్బా వెనకాల.

ఇంకోటి ఉంది. ఇది పటల్‌కి కూడా చెప్పలేదు.

పోయే ముందురోజు చెయ్యి పట్టుకుని దగ్గరికి రమ్మన్నాడు. నీళ్ళు కావాలేమో అనుకుని వంగాను. "ఖీరో, మన కాలువ నత్త వీపు నల్లగా ఉంటుందే. నువ్వు ఎత్తి చూపించినవి పచ్చవి. చెరువువి" అన్నాడు. మరి చప్పట్లెందుకు కొట్టావయ్యా అన్నాను. "నా కోసం అంత పొద్దున లేచి స్టేషనుదాకా పోయొచ్చావు, కొట్టొద్దూ?" అన్నాడు. మరి దిదిమణికి చెప్పలేదేం అంటే, "బస్తీ అంతా గట్టు మీద నిలబడింది. నిన్ను అబద్ధాలకోరు అంటారని" అన్నాడు.

చూశావా? ఆయన నమ్మలేదు. నేను ఎలాగూ నమ్మలేదు. ఒకరి కోసం ఒకరం నోరు మూసుకున్నాం. ఈ మొత్తంలో ఆ నత్తల్ని నమ్మింది ఎవరంటే, ఇంత చదువు చదివిన నువ్వొక్కదానివే!

నువ్వేదో అంటున్నావు, గొట్టం మోతలో వినబడటం లేదు. గట్టిగా చెప్పు.

ఊఁ.

ఊఁ. అంటే మళ్ళీ వచ్చి చూసినా ఆ కాగితం వెనక్కి రాదు. కొత్తది రాయాలంటే మళ్ళీ ఏడాది పొడుగునా చూడాలి. అంతేనా? పోనీ నేనొచ్చి వేలిముద్ర వేస్తే? ముసలిది మొగుడు పోయి మతి చెడి మాట్లాడుతోంది అంటారు. అవును, అంటారు. నేనైనా అంటాను.

అడుగున ఉన్నవి అబద్ధమాడవన్నావు కదమ్మా. ఆడవు. నేనే ఆడించాను, వాటి నోట.

నీ తప్పేం లేదు. ఏడవకు. నువ్వేడిస్తే నేనేం చెయ్యను ఫోన్లో? పోయి అన్నం తిను.

నేనా? ఇంకేం చేస్తాను, పొద్దున పొద్దున దిగుతూనే ఉన్నాను. మోకాళ్ళ కింద ఒకటే దురద, పొక్కులు. పాదంతో తడుముతాను. ప్లాస్టిక్, గుడ్డ పీలికలు, జీన్సు గుండీలు. గుండీ గుండ్రంగా ఉంటుంది కదా, తగిలినప్పుడల్లా ఓ క్షణం ప్రాణం లేచొస్తుంది.

పైకెక్కి వచ్చాక గుమ్మంలో ఖాళీ మంచం. ఎవరూ అడగరు. కానీ ఒక్క మాట చెప్తాను, విని తిట్టుకో. రేపు ఆయన ఆ మంచం మీద లేచి కూచుని, "ఏమే, తగిలాయా?" అనడిగాడనుకో...

తగిలాయనే చెప్తాను. ఇంత జరిగాక కూడా.