ఎర్ర లెమూరు, నీలిముక్కు పిట్ట, మన సువాజారా గారు

1991 ఏప్రిల్ ఒకటో తేదీన, మసువాలా అడవి అంచునున్న మా వన్యప్రాణి సంరక్షణ కార్యాలయంలో శ్రీమతి సువాజారా గారు సహాయకురాలిగా బాధ్యతలు స్వీకరించారు. ఆ పొట్టి మనిషిని చూసి పెదవి విరిచినవారే, ఆమె కంఠం విన్న మరుక్షణం పిట్ట కొంచెం కూత ఘనమని ఒప్పుకొన్నారు.

అప్పట్లో లెమూరు విభాగమూ పక్షి విభాగమూ సవతుల్లా ఉండేవి. సందర్శకులూ నిధులూ కోతిని పోలిన ఎర్ర లెమూరుకే దక్కేవి. అంతే వేగంగా అంతరించిపోతున్న నీలిముక్కు పాటపిట్టను పలకరించే దిక్కు లేదు. పర్యవేక్షకురాలు కాగానే సువాజారా గారు ఇరుపక్షాలనూ ఒకే బల్ల దగ్గర కూర్చోబెట్టారు.

"దానికి బొచ్చు, దీనికి ఈకలు. రెండూ గూట్లోనే పిల్లల్ని సాకుతాయి, రెండింటికీ ముసలి చెట్టే కావాలి. ఇంక కొట్లాట దేనికర్రా?"

2004లో గ్రామపెద్ద తుంబుజాఫీ గారు కొత్త పడవ కోసం ఒక మహావృక్షాన్ని ఎంచుకున్నారు. దానిపై నీలిముక్కు పిట్ట గుడ్లు పొదుగుతోంది. లెమూరును ముట్టరాదని ఆ ఊరికి పూర్వీకుల కట్టడి ఉంది. పాపం, పిట్టకు ఆ రక్ష లేదు. చట్టం చూపితే చెట్టు ఆ ఏటికి నిలిచేది, ఊరు మాత్రం శాశ్వతంగా దూరమయ్యేది.  అందుకే సువాజారా గారు ఆయన దగ్గరికే వెళ్ళి, మన ఆచారం ప్రకారం, పెద్దల ముందు నోరు విప్పుతున్నందుకు తొలుత క్షమాపణ కోరారు.

"తాతా, గద్దొస్తే లెమూరు అరుస్తుంది కదా?"

"చెవులు పగిలేలా."

"అప్పుడు పిట్ట ఏం చేస్తుంది?"

"ఆకుల్లో నక్కుతుంది."

"మరి లెమూరు కాపలా కాసే పిట్టకి మనం నిలువ నీడ లేకుండా చేస్తే, పూర్వీకులు ఊరుకుంటారా?"

పెద్దాయన తల గోక్కున్నారు. "మాటలు నేర్చావే పిల్లా. నా పాత పడవ మునిగితే మాత్రం నువ్వే ఎత్తాలి," అని గొడ్డలి భుజాన వేసుకుని వెళ్ళిపోయారు.

అనంతరం అధిపతి పదవిని అలంకరించిన సువాజారా గారి హయాంలో, పిట్టకు కూడా కట్టడి ప్రకటించిన తొలి ఊరు అదే. ఆ చెట్టు మీద ఈ ఏడు పైకొమ్మల్లో లెమూరు పిల్లలు, కింద పిట్ట పిల్లలు. ఆ కబురు వచ్చిన రోజు కార్యాలయమంతా పండగే.

సువాజారా గారి పదవీ విరమణ సందర్భంగా తెస్తున్న ఈ సంచికకు నాలుగు మాటలు చెప్పమని తుంబుజాఫీ గారికి వర్తమానం పంపాం. తొంభై ఏళ్ళ ఆ పెద్దాయన తానే వచ్చారు, అదే పాత పడవలో, అందులోకి ఊరే నీళ్ళు కొబ్బరిచిప్పతో బయటికి తోడిపోస్తూ.

"చూడు పిల్లా, ఇంకా మునగలేదు," అన్నారు.

అంతటి కూత గల మన సువాజారా గారు ఆయన తడిచేతులు పట్టుకుని ఏడ్చేశారు.

ఆ చెట్టుకున్నంత ఆయుష్షు, ఆ పడవకున్నంత మొండితనం సువాజారా గారికి కలగాలనీ, శేషజీవితం ఆరోగ్యంతో, పిట్టపాటతో నిండాలనీ మనసారా కోరుకుంటున్నాం.