ముగ్గులేసిన గట్టు

ముత్యాలప్ప ఉండాడే, వాని చేను వంక పక్కనే, అదే, వాగు పక్కనే. ఆ వంక నేరుగా పోదు, వాని చేను కాడికొచ్చేసరికి మెలిక తిరుగుతాది. వానొచ్చిందనుకో, నీళ్లు ఉరికొచ్చి ఆ మెలికలో గట్టును కొరుక్కుంటా పోతాయి. పోయినేడు కందిసాళ్లు పోయె, ఈయేడు గట్టుమీది చింతచెట్టు పోయె, ఇంక మిగిలింది శెనక్కాయల మడి, దాని ఎనకాల కొట్టం. అవీ పోతే వాడూ వాని పెండ్లాం సుంకులమ్మా కూలికి పోవాల్సిందే. వంకను కొంచెం అవతలికి తిప్పితే చేను నిలుస్తాది. "ఏందిరా ఆలోచన? జేసీబీ పెట్టి తోసెయ్, ఎవడడుగుతాడు?" అనిరంట జనాలు. వాడు ఒప్పుకోలా. "వంక మా అబ్బ సొత్తా? సర్కారుది. కిందూరోళ్లు గూడా ఆ నీళ్లే తాగుతారు. అడిగే తిప్పుతా" అన్నాడంట. మంచి మాట. మీరు గట్టిగ పట్టుకోండి ఆ మాటను, ఎందుకంటే వాడు నడిమధ్యలో జార్చుకుంటాడు.

ఇంక తిరిగినాడు చూడు! తాసీల్దారాఫీసుకు పోతే, భూమి మాది గానీ నీళ్లు మావి గాదప్పా, నీళ్ల ఆఫీసుకు పో అనిరంట. ఆడికి పోతే, నీళ్లు మావే, గట్టుమీది చెట్లు మావి గాదు, అడవోళ్లనడుగు అనిరంట. అడవోళ్లేమో, "ఏ చెట్టయ్యా? వంక తినేసిందంటివే!" అని నవ్విరంట. మళ్లా మొదటికే. వాడు ఇడవలా. కడాకు ఒక ఇంజనీరు సారు, "నేనే వచ్చి చూస్తా. గట్టు తెగింది నిజమైతే అనుమతిస్తా" అన్నాడు. అంతే! ముత్యాలప్ప బస్సు దిగినకాణ్ణించి అరుపే అరుపు, "సారొస్తాండాడు! సారొస్తాండాడు!" అని.

ఏమైందంటే, మన సంగతి మీకు తెల్సు గదా, ఆఫీసరొస్తాడంటే ముందు చీపురు పడతాం. ఊరిపెద్ద గోవిందప్ప లేసి, "ఇంత పెద్ద సారు మనూరికి రావడం ఇదే మొదలు. ఆ బొక్కల గట్టు చూస్తే ఊరి పరువేం గావాల?" అన్నాడంట. ఇంగ ఆడోళ్లూ మగోళ్లూ గంపలెత్తిరి. తెగినకాడంతా కంపలు పరిచి పైన మట్టి పోసి మెత్తిరి, పేడతో అలికిరి, ముగ్గులేసిరి, మామిడాకులు కట్టిరి, అంచునే కుర్చీ ఏసిరి. సుంకులమ్మ నెత్తి కొట్టుకుంది. "ఏమయ్యా, పుండు చూపిస్తామని పిలిచి పౌడరు పూస్తారా?" "నువ్వూరుకోమ్మే, సారు సంతోషపడితే సంతకం పెట్టడా?" అన్నాడంట మొగుడు. "వదినకు మర్యాదలు తెలీవులే" అని అందరూ నవ్విరంట.

సారు వచ్చె. డప్పులు మోగె. కుర్చీలో కూర్చుని అటూ ఇటూ చూసి, "ముగ్గులు బాగుండాయి. గట్టు ఇంకా బాగుంది. దీనికి అనుమతెందుకయ్యా?" అనె. ముత్యాలప్ప ఊరోళ్ల పక్క చూసె. ఊరి ముందర ఊరు చేసింది ఎట్ల చెప్తాడు? "అది సారూ... ఏం లేదు సారూ..." అంటాండాడు. చూడండి, నిజాయితీగా అడగబోయినోడు కూడా యాడ జారినాడో! సారు పోదామని చూస్తాండాడు. అప్పుడు సుంకులమ్మ ముందుకొచ్చి, "సారూ, ఈ గట్టు అబద్ధం! అడుగున ఏమీ లేదు. ముందు ఆ కుర్చీలోంచి లేయండి!" అని అరిచె. గోవిందప్పకు రేగింది. "సారునే లేయమనేంత దానివా? కూర్చోండి సారూ, మీరు కూర్చోండి!" అని భుజాలు పట్టి నొక్కినాడంట. నొక్కినాడో లేదో, దభేల్! ముగ్గూ కుర్చీ సారూ గోవిందప్పా అంతా వంకలో! నడుముల్లోతు బురద, మెళ్లో మామిడాకులు. డప్పులు ఆగిపోయె.

సారు కండ్లు తుడుచుకుని పైకి చూసె. గట్టు లోపల గుహలాగ బోలు. "ఎవరు కప్పిరి దీన్ని?" అన్నాడు. అప్పుడు పట్టుకున్నాడు ముత్యాలప్ప తన మాటను మళ్లా. వంకలోకి దిగి సారుకు చెయ్యిచ్చి, "మేమే సారూ. మీకు చూపించాలని పిలిచి, మీకు కనపడకుండా చేసినాం" అన్నాడంట. సారు మెళ్లో మామిడాకులు తీసి పారేసె. "ఇప్పుడు కనపడిందిలే" అన్నాడు. కిందూరికి నీళ్లు తగ్గగూడదని షరతు పెట్టి, అనుమతి ఇచ్చినాడు.

వానలకు ముందే వంక తిరిగింది, చేను నిలిచింది. నేను చెప్పేది ఒకటే, అడగను పోయినప్పుడు ఉండేది ఉన్నట్టు చూపించాల, సిగ్గుపడినా సరే. ఊరంతా నేర్చుకుంది. గోవిందప్ప ఒక్కడే నేర్చుకోలా. ఇప్పటికీ అంటాడంట, "ఏమన్నా గానీ, ముగ్గులు బాగుండాయని సారే అన్నాడు" అని.