అమ్మ సీరల బొంత

అరకు బజారులో, కుట్టుమిషన్ల కొట్టు బల్లమీద అచ్చియమ్మ ముడతలు పడిన బొంతను విసిరికొట్టింది.

"బొంత కుట్టే మిషను పాదం ఇమ్మంటే ఏటిచ్చినావు?"

"అన్ని పాదాలూ ఒకటేనమ్మా. నీకు కుట్టడం రాక..." అన్నాడు కొట్టతను.

"ఇరవయ్యేళ్లుగా కుడతన్నాను! పొరలన్నీ ఒక్కలాగే లాగే పాదం కావాలన్నాను. కొండోళ్లకి అదెందుకని నవ్వినావు."

"సరే, విప్పి మళ్లీ కుట్టుకో."

"విప్పితే సిరిగిపోతాది. పోయిన మాయమ్మ సీరలివి. మళ్లీ తెచ్చిత్తావా?"

అతను సొరుగు లాగాడు. ఆమె అడిగిన అసలు పాదం తీసి ముందు పెట్టాడు.

"ఊరికే తీసుకెళ్లమ్మా."

"ఊరికే నాకొద్దు. నీ మిషనుకి బిగించు. ఇంకా రెండు సీరలు మిగిలున్నాయి. ఇక్కడే కుడతాను."

"ఇక్కడా? బేరాలొచ్చే వేళమ్మా!"

"రానీ. కొండోళ్లకి ఈ పాదం ఎందుకో ఆళ్లూ సూత్తారు. లెగు."

అతను లేచాడు.