వానలో వ్యాను

సిరొంచ బస్టాండు దగ్గరి మెకానిక్ పాత మారుతి వ్యాను ముందు సీటు లేపి ఇంజన్‌లోకి చూశాడు. బండి తెచ్చిన ఆమె పక్కనే నిలబడింది.

"ప్లగ్గులు మూడు మారిస్తే చాలక్కా. వైర్లు ఇంకొన్ని దినాలు నడుస్తయి."

"వానల నడుస్తయా తమ్మీ? మొన్న అంకిస ఊరు దాటంగనే బండి ఆగిపోయింది. ఎనుక సీట్ల మా వాడకట్టు పిల్ల నొప్పులు వడుతున్నది. ట్రాక్టరు దొరికింది గనుక దవాఖాన చేరినం."

"ఇద్దరు మంచిగున్నరా?"

"ఉన్నరు. ఆడపిల్ల. ఈ నెలల మా కోడలి వంతు."

అతను వైరును వంచి చూశాడు. రబ్బరు మీద సన్నని పగుళ్లు కనబడ్డాయి.

"నిజమే అక్కా. తడి తగిలితే కరెంటు ఈడికెల్లే బయటికి పోతది. వైర్లు గూడ మారుద్దాం. ఒక్కటి తీసి, దాని జాగల కొత్తది వెట్టినంకనే ఇంకోటి తియ్యాలె, లేకుంటే వరుస తప్పి బండి నడువది. మీ డ్రైవర్‌కు జెప్పుర్రి."

"డ్రైవర్‌ను నేనే. మా ఆయన పోయినంక నేర్చుకున్న."

అతను రెండు ప్లగ్గులు బిగించి, మూడోది ఆమె చేతిలో పెట్టాడు.

"ముందుగాల చేతితోనే తిప్పుర్రి. గట్టిగ తగిలితే ఆపుర్రి, లేకుంటే మరలు పాడైతయి."

ఆమె వేళ్లతో మెల్లగా తిప్పింది. ప్లగ్గు మెత్తగా లోపలికి దిగింది. వైర్లన్నీ తొడిగాక తాళం తిప్పితే మొదటిసారికే ఇంజన్ అందుకుంది.

"మబ్బు వట్టింది. వాన ఎలిసినంక పోర్రి అక్కా."

"లేదు తమ్మీ, వానల్నే పోత. కోడలిని ఎక్కించకముందే బండి సంగతి నాకు తెల్వాలె."