ఆరో సిలిండరు

గుత్తికి తూర్పున నాపరాళ్ల నేల. ఎన్ని కరువులొచ్చినా ఎండని చెన్నమ్మ దిగుడుబావి. బావికి ఇనుప గేటు, గేటుకు తాళం. గట్టుమీద చెన్నమ్మ, ఆమె మనవరాలు హేమ, సిలిండర్లు దించుతున్న ఆటో కుళ్లాయప్ప.

“ఇడిచిన గాలినే మళ్లీ పీలుస్తావా?”

“ఔనవ్వా. ఈ మిషన్ వీపుకు కట్టుకుంటా. నేను ఇడిచిన గాలి దీంట్లోకి పోతాది. అందులో చెడు తీసేసి, రవ్వంత ఆక్సిజన్ కలిపి, మళ్లీ నాకే ఇస్తాది. గాలి వృథా కాదు. మూడు గంటలైనా నీళ్లల్లో ఉండొచ్చు.”

“థూ. ఎంగిలి గాలి.”

“నా ఎంగిలే కదవ్వా!”

“నీదైతే మాత్రం? కక్కిన అన్నం మళ్లీ తింటామా?”

“పెద్దమ్మా, ఎంగిలి సంగతి తర్వాత. ఈ సిలిండర్లు యాడ పెట్టాల? నా నడుము ఇరుగుతాండాది.”

“గట్టుమీద వరసగా పండబెట్టు కుళ్లాయప్పా. నిలబెడితే దొర్లి బావిలో పడ్తాయి. ఏమ్మే హేమా, మిషన్ ఉంటే మళ్లీ ఇవెందుకు?”

“మిషన్ చెడిపోతే ఈ గాలి పీల్చుకుంటా బయటికొస్తా. వీటిని బెయిలౌట్ అంటారు.”

“సద్దిమూట అను.”

“సద్దిమూటే అనుకో. తాళంచెవి ఇయ్యి.”

“చెడిపోతాదా మిషన్?”

“చెడిపోదు.”

“చెడిపోకుంటే సద్దెందుకు?”

“ఒకవేళ చెడిపోతే.”

“అంటే చెడిపోతాది.”

“అవ్వా! తాళంచెవి ఇస్తావా, లేదా?”

“యాడికి పోతాది తాళంచెవి? నా రొంటినే ఉండాది. ముందు చెప్పు, ఎంత లోతు?”

“బావి అడుగు నుంచి గుహ పోతాది కదా, అది వంగి వంగి రెండొందల అడుగులు దిగుతాది.”

“మనం మిట్ట చేన్లో తొమ్మిదొందల అడుగులు బోరేస్తే దుమ్మొచ్చె. ఈడ రెండొందల అడుగులూ నీళ్లేనా!”

“పెద్దమ్మా, ఆ బోరు దుమ్ము నా ఆటోమీదే పడె. ఇప్పటికీ దులుపుతాండా.”

“నువ్వూరుకో కుళ్లాయప్పా. హేమా, ఒక్కదానివే పోతావా?”

“లేదవ్వా. అర్చన రేపు పొద్దున్నే ఆరు గంటల రైలుకు గుత్తి జంక్షన్‌లో దిగుతాది. ఇద్దరం కలిసే. ఆ గుహ చివర్న ఒక పెద్ద హాలు మాదిరి ఉందని మేమనుకుంటాండాం. ఇంతవరకు ఆడికి ఎవురూ పోలేదు. మేం పోయి పటం గీస్తాం.”

“ఎవురూ పోని చోటికి నువ్వెందుకు పోవాల?”

“ఎవురూ పోలేదు కాబట్టే.”

“ఆ అర్చనకు సద్దెవురు కట్టినారు?”

“ఆమెది ఆమె తెచ్చుకుంటాది.”

“వాళ్ల అవ్వ ఉండాదా?”

“ఎవరవ్వ? ఆమెకు అవ్వ లేదు. అందుకే ఆమె ఈ పాటికి రెండొందల సార్లు దిగింది. నేనింకా ఈడ గట్టుమీద ఉండా.”

“సరే సరే. ఇవెన్ని? ఒకటి, రెండు, మూడు, నాలుగు, ఐదు.”

“ఆటోలో ఇంకొకటి ఉంది పెద్దమ్మా. అది సగమే ఉందని పాప దించొద్దనె.”

“దాన్నీ దించు.”

“అవ్వా, అది ఊరికే పరీక్షలకు. పనికి రాదు.”

“దించు కుళ్లాయప్పా.”

“దేవుడా నా నడుమూ!”

“ఇప్పుడు చెప్పు హేమా. ఏది ఏది?”

“ఈ రెండూ లోతు గాలి. నా పక్కల్నే తగిలించుకుంటా. ఈ మూడోది సగం దారిలో, డెబ్బై అడుగుల కాడ తాడుకు కట్టి వదిలేస్తా. నాలుగోది ఆక్సిజన్, పైన ఇరవై అడుగుల కాడ. అన్నీ వచ్చేటప్పుడు వరసగా దొరకతాయి. ఐదోది ఊరికే, ఏదన్నా కారితే మార్చుకునేదానికి.”

“ఈ బావి నీళ్లు ఉప్పన కదా, తాగే నీళ్ల ట్యాంకరొచ్చేదానికి ముందే దారెంబడి బిందెలు పెట్టి పోయినట్ల.”

“అచ్చం అట్లే.”

“బిందె పెట్టి పోతే మన పక్కింటి లక్ష్మీప్రసన్న జరిపేస్తాది. ఈడ ఎవురు జరుపుతారు?”

“గుహలో లక్ష్మీప్రసన్న లేదవ్వా.”

“నీకేం తెలుసు, ఆ మనిషి యాడైనా ఉంటాది. సరే, ఆ నాలుగు సిలిండర్ల లెక్క యట్ల వేసినావు?”

“నేను నిమిషానికి ఎంత గాలి పీలుస్తానో కొలుచుకుని వేసినా.”

“యాడ కొలిచినావు?”

“బెంగళూరులో, ఈత కొలనులో, వెల్లకిల పడుకుని.”

“పడుకుని!”

“అది పద్ధతవ్వా.”

“పడుకున్నోళ్లకు మిషన్ చెడిపోతాదా? కుళ్లాయప్పా, నీ ఫోన్లో నిమిషం పెట్టు. హేమా, ఈడ కూర్చో. ఊపిరి పీలుస్తా ఉండు, నేను లెక్క పెడ్తా.”

“ఇదంతా దండగ…”

“పీల్చమంటే పీల్చు.”

“పెట్టినా పెద్దమ్మా. కానియ్యి.”

“ఒకటి… రెండు… మూడు…”

“అయింది పెద్దమ్మా, నిమిషం.”

“పన్నెండు. అంతే కదా నీ లెక్క?”

“చూసినావా, సరిగ్గా నా లెక్కే. ఇంక తాళం…”

“ఇంగోసారి. కుళ్లాయప్పా, మళ్లీ పెట్టు. పెట్టినావా? ఒకటి… రెండు… ఏమ్మే హేమా, కదలొద్దు, నీ జడమీద బల్లుండాది.”

“అమ్మో! యాడ? తీయ్! తీయ్! అన్నా, తీయ్! అవ్వా!”

“ఐదు, ఆరు, ఏడు, ఎనిమిది…”

“పోయిందా? పోయిందా? మెడమీద ఏదో పాకుతాండాది!”

“పద్దెనిమిది, పంతొమ్మిది…”

“పాపా, నా చొక్కా వదులు. గుండీలు ఊడతాండాయి!”

“ముప్పై మూడు, ముప్పై నాలుగు. అయిందా కుళ్లాయప్పా?”

“అయింది. రెండు గుండీలు కూడా అయినాయి.”

“యాడ బల్లి?”

“బల్లి లేదు.”

“అవ్వా! మోసం!”

“పన్నెండు ఎక్కడ, ముప్పై నాలుగు ఎక్కడ? లేని బల్లికే ఇంత పీల్చినావు. రెండొందల అడుగుల కింద, చీకట్లో, మిషన్ నిజంగా చెడిపోతే ఎంత పీలుస్తావు?”

“…నేను అప్పుడు భయపడను.”

“భయపడవు. కుళ్లాయప్ప గుండీలు చెప్తాండాయి.”

“పెద్దమ్మా, పాప సంగతి సరే. నువ్వు చూస్తే లెక్కపెట్టేటప్పుడు అస్సలు ఊపిరే తీసుకోలేదు. మొఖం కందిపోయింది, చూసుకో.”

“నాకేమైంది? లెక్క తప్పకూడదని.”

“రెండు నిమిషాలూ బిగబట్టినావా అవ్వా?”

“నా మాట ఎందుకు? నీ మాట చూడు. ఇప్పుడు ఎన్ని సిలిండర్లు కావాల?”

“ఉండు. ముప్పై నాలుగంటే… మూడింతలు అనుకో. లోతు గాలి రెండు చాలవు.”

“ఎన్ని కావాల?”

“…ఆరు.”

“ఆరు మోస్తావా? గాడిదవా?”

“కాదు.”

“మరి?”

“ఐదోదాంట్లో కూడా లోతు గాలే ఉంది. మూడు మోయొచ్చు.”

“మూడుతో ఎంత దూరం పోయి రావొచ్చు?”

“…సగం.”

“గట్టిగా చెప్పు. కుళ్లాయప్పకు వినపడలే.”

“నాకు వినపడింది పెద్దమ్మా.”

“సగం అవ్వా, సగం! ఆ హాలు దాకా పోయేదానికి కాదు. ఈసారికి సగం కాడికే పోయి తాడు కట్టి తిరుక్కుంటాం. చాలా? ఇంగోసారి వచ్చి మిగతా సగం చూస్తాం.”

“ఇంగోసారి అంటే మళ్లీ వస్తావు.”

“రావాల్సిందే కదా. పని సగంలో ఉంటాది.”

“ఎప్పుడు?”

“జనవరిలో.”

“ఆ మిగతా సగాన్ని మళ్లీ రెండు సగాలు చెయ్యి.”

“అవ్వా!”

“ఊరికే అన్నా. సరే, ఈ సిలిండర్లమీద కాగితాలు అంటించినావే, ఏంది?”

“పేర్లు. ఏ గాలి ఏ లోతులో పీల్చాలో పెద్దక్షరాలతో రాసినా. ఇది ముఖ్యం. ఆక్సిజన్ పైన పీలిస్తే మంచిది, లోతులో పీలిస్తే ఫిట్స్ వస్తాయి. నీళ్లల్లో ఫిట్సంటే ఇంక…”

“చెప్పొద్దు. కుళ్లాయప్పా, నీ తువ్వాలు ఇయ్యి.”

“ఎందుకు పెద్దమ్మా?”

“దీని కండ్లకు కడ్తా. ఆడ మడ్డి లేస్తే ఏమన్నా కనపడ్తాదా హేమా?”

“చెయ్యి కూడా కనపడదు.”

“మరి కాగితం యట్ల చదువుతావు? నువ్వు సిలిండర్లు తారుమారు చెయ్యి కుళ్లాయప్పా. హేమా, లోతు గాలి తీసుకో. తడిమి తీసుకో.”

“తువ్వాలు బీడీ వాసన…”

“తీసుకో.”

“ఇది. ఇదే.”

“అది ఆక్సిజన్ పాపా.”

“ఫిట్సొచ్చినాయి. లెయ్. మళ్లీ.”

“ఇది… ఇది కొంచెం సన్నగా ఉంది, మెత్తగా… ఇది ఏం సిలిండరు?”

“అది నా కాలు పాపా.”

“చూసినావా? అర్చన అనుకుని కుళ్లాయప్పను పట్టుకోని బయటికొస్తావు. తువ్వాలు తీ. ఈ చీర చింపుతా, పట్టుకో.”

“మంచి చీర కదవ్వా!”

“ట్యాంకర్ కాడ నా బిందెకు ముప్పై ఏండ్ల నుంచి గుడ్డ కడ్తాండా. చీకట్లో కూడా నా బిందె నా చేతికే దొరకతాది. మూడు ముడులంటే లోతు. రెండు ముడులంటే నడిమిది. ఒక్క ముడంటే ఇంటి కాడిది, ఆక్సిజన్. ముడి తగ్గేకొద్దీ ఇల్లు దగ్గరొస్తాది. తెలిసిందా?”

“…అవ్వా, ఇది బాగుంది. నిజంగా బాగుంది. అర్చనవాటికీ కట్టియ్యి.”

“ఆ పిల్లకు అవ్వ లేదంటివి కదా. కడ్తాలే.”

“మాకు కోచింగిచ్చిన సారుకు ఫోటో పంపుతా.”

“ఫోటోలో నా మొఖం రానీకు. కందిపోయింది.”

“పెద్దమ్మా, ఈ సగం సిలిండరుకు ఎన్ని ముడులు?”

“దానికొద్దు.”

“మరి అదెందుకు దించమంటివి?”

“ఉండనీ. నీకేం బరువు?”

“నాకే బరువు!”

“అవ్వా, అది నాకు అక్కర్లేదు. ఐదూ చాలు. వెనక్కి పంపీ.”

“దాని జోలికి రావద్దు. కుళ్లాయప్పా, దాన్ని గేటు పక్కన నా కుర్చీ కాడ పెట్టు.”

“ఇంత సద్దెందుకవ్వా? పోయేదానికి మిషనే ఉంది. వచ్చేదానికి ఐదుండాయి.”

“వచ్చేదానికే కావాల సద్ది. మీ తాత మోటారు తెస్తానని బళ్లారికి పోయె. పోయేదానికి రెండు రొట్టెలు, శెనక్కాయ చట్నీ కట్టిస్తి. వచ్చేదానికి కట్టలే.”

“తాతకు గుండె ఆగిపోయె అవ్వా. రొట్టెలుంటే ఆగకపోతుండెనా?”

“నాకేం తెలుసు? మోటారు లారీలో వచ్చె. ఆయప్ప రాలే.”



“పెద్దమ్మా, ఆ మోటారు మళ్లీ మంచి మోటారు. ఇప్పటికీ తిరుగుతాండాది.”

“అదే నా కోపం కుళ్లాయప్పా.”

“అవ్వా, ఇటు చూడు. సగమే పోతా. మూడు సిలిండర్లు నాతో, రెండు దారిలో. ముడులు తడుముకుంటా వస్తా. మధ్యాహ్నం అన్నానికి ఉంటా.”

“ఏం వండాల?”

“ఉగ్గాని. మిరపకాయ బజ్జీ.”

“అది టిఫిను. అన్నానికేం వండాల?”

“నీ ఇష్టం. ఇప్పుడన్నా తాళంచెవి ఇస్తావా?”

“ఇదో. పట్టుకో.”

“హమ్మయ్య! రేపు అర్చన రాగానే పోతా.”

“ఏమన్నావు?”

“పోయొస్తా. పోయొస్తా అవ్వా.”

“కుళ్లాయప్పా, విన్నావు కదా? నువ్వే సాక్షి.”

“విన్నా పెద్దమ్మా. ఇంక నేను పోతా… పోయొస్తా.”

“ఉండు, యాడికి పోతావు? ఈ సగం సిలిండరు గొట్టం యట్ల నోట్లో పెట్టుకోవాలో పాపనడిగి నాకు చూపీ.”

“నీకెందుకవ్వా గొట్టం?”

“నువ్వు లోపల మిషన్ పెట్టుకోని కులాసాగా నీ ఎంగిలి గాలి పీలుస్తా ఉంటావు. నువ్వు బయటికొచ్చేదాకా ఈ కుర్చీలో ఊపిరి బిగబట్టుకోని కూర్చునేదాన్ని నేను కదమ్మే. నాకెవురు కట్టాల సద్ది?”