రెండు ఒడ్లూ పట్టిన తాడు

ఏందీ, సోమవారం పొద్దున్నే రెండు ఊళ్ళోళ్ళూ చెరువులో దిగి ఏం చేస్తా ఉండారనా అడిగేది? ఆ ఫోను ఈడ నా పక్కన పెట్టు పాపా, బాగా వినబడాల గదా. చెప్తా, చెప్తా. 

చెరువుకి తూర్పొడ్డు మనది. పడమటొడ్డు పెంచలయ్య వాళ్ళది. మన కయ్యలైనా వాళ్ళ కయ్యలైనా ఆ నీళ్ళతోనే పండాల. ఒకప్పుడు ఎట్టుండేదనుకున్నావు చెరువు! నేను కాపరానికొచ్చిన కొత్తలో రూపాయి పెడితే బుట్టెడు జెల్లలు పోసేవాళ్ళు. మా అత్త, అంటే మీ తాత వాళ్ళమ్మ, చింతకాయ వేసి పులుసు పెట్టేది... సరే, పులుసు మాట తర్వాత. నువ్వడిగినదానికి ముందు చెరువులో ఆకు సంగతి చెప్పాల.

గుర్రపుడెక్క. ఊదారంగు పువ్వు పూస్తాది చూడు, చూసేదానికి ముచ్చటగానే ఉంటాది. యాడినించి వచ్చిందో తెలీదు, రెండేళ్ళు తిరిగేసరికి చెరువంతా చాప పరిచినట్టు అల్లుకుంది. మోటారు పైపు మూతికి అడ్డం పడితే నీళ్ళెక్కవు. నీళ్ళు చూస్తే కుళ్ళు కంపు. అది నిలకడగా ఒకచోట ఉండదు పాపా, గాలి ఎటు తోలితే అటు పోతాది. సముద్రం గాలి కొట్టినప్పుడు వాళ్ళ ఒడ్డుకి, పడమటి గాలి కొట్టినప్పుడు మన ఒడ్డుకి. ఇంకేముంది! గాలి అనుకూలించిందంటే మేం గడలు తీసుకొని అటు తోసేది, వాళ్ళ గాలి వచ్చినప్పుడు వాళ్ళు ఇటు తోసేది. మీ ఆకు అంటే మీ ఆకు అని ఒడ్డు మీద నిలబడి అరుచుకునేది. నేనూ పెంచలయ్యా అయితే పలకరించుకునేదే మానేసినాం. అంతకుముందు అక్కా అక్కా అని ఇంటికొచ్చే మనిషి.

ఒక దినం మధ్యాహ్నం సముద్రం గాలి బాగా లేచింది. మీ తాత అన్నం గూడా తినకుండా థర్మాకోల్ తెప్పెక్కి, గడ పట్టుకొని, ఆకుని తోసుకుంటా తోసుకుంటా నడిచెరువు దాటేసినాడు. చాల్లే వెనక్కి రమ్మని నేను ఈడనించి చెయ్యి ఊపుతానే ఉండా. అంతలో గాలి మళ్ళింది. మళ్ళిందంటే మామూలుగా కాదు, పడమట మబ్బు పట్టి ఒక్కసారి కొట్టింది. తోసిన ఆకు తిరుక్కొని వచ్చింది. పక్కల ఉన్న ఆకు గూడా కలిసిపొయ్యి తెప్ప చుట్టూ మూసేసింది. గడ దించితే వేళ్ళల్లో చిక్కుకొని మళ్ళీ పైకి రాదు. దిగి ఈదేదానికా, కాళ్ళకి చుట్టుకుంటే అంతే సంగతులు. ఆయనకి చూస్తే చక్కెర జబ్బు, వేళకి తినకపోతే కళ్ళు తిరుగుతాయి. నేను చూస్తా ఉండంగానే తెప్ప మీద కూలబడి తల వంచేసుకున్నాడు.

మీ నాయన చూస్తే కావలిలో ఉండె. ఈడ నేనూ, చేపలమ్మేదానికి మోపెడ్ మీద వచ్చిన పోలయ్యా, ఇద్దరమే. పోలయ్యంటే సముద్రం ఒడ్డు పాళెం మనిషి, సముద్రంలో వేసి ఒడ్డు మీదనించి తాళ్ళతో లాగే అలివి వల ఉంటాది చూడు, ఆ గుంపులో పెద్ద. నేను చెప్పేలోపే ఆయన మోపెడ్ తిప్పినాడు, తాడు తెస్తానమ్మా అనేసి. ఎదురొడ్డున మోటారు దగ్గర పెంచలయ్య నిలబడి ఉండాడు. మీ తాత ఉండేది వాళ్ళ ఒడ్డుకే దగ్గర. పెంచలయ్యకే ఫోన్ చేసినా. ఎత్తుతాడో ఎత్తడో అనుకున్నా. వెంటనే ఎత్తినాడు.

“తమ్ముడా, మీ బావ ఆకులో ఇరుక్కున్నాడు” అన్నా.

“చూస్తానే ఉండా అక్కా. ఆ ఫోన్ పెట్టేసి బావ కనబడేచోట నిలబడు” అన్నాడు.

నేను నిలబడినా. ఆయన తల ఎత్తినప్పుడల్లా పైట కొంగు ఊపుతా ఉండా. పోలయ్య అలివి వల తాడు, అబ్బో, నా చెయ్యంత లావు, ఆటోలో వేసుకొని, నలుగురు మనుషుల్ని ఎక్కించుకొని, చెరువు నిండితే నీళ్ళు పొర్లిపొయ్యే కలుజు మీదుగా చుట్టు తిరిగి పడమటొడ్డుకి పొయ్యినాడు. ఆ తాడు కొన తీసుకొని ఆకు మీదకి పొయ్యేదెవరు? పెంచలయ్య, చూడు, కొట్టం తలుపు ఊడబీకినాడు! ఆ తలుపు ఆకు మీద వేసి, దాని మీద బోర్లా పడుకొని, నడుముకి తాడు కట్టుకొని, చేతుల్తో ఆకుని గుంజుకుంటా గుంజుకుంటా పొయ్యినాడు. ఒకచోట తలుపు పక్కకి ఒరిగింది. మనిషి సగం నీళ్ళల్లోకి పొయ్యినాడు. మళ్ళీ పైకొచ్చినాడు. పొయ్యి తెప్పకి తాడు కట్టి, తనూ పట్టుకున్నాడు. ఒడ్డు మీద అందరూ లాగినారు.

నేను పరిగెత్తి, పరుగేంలే, మోకాళ్ళ నొప్పులతో ఈడ్చుకుంటా కలుజు దాటి పొయ్యేసరికి మీ తాత పెంచలయ్య వాళ్ళ మంచం మీద కూర్చొని అన్నం తింటా ఉండాడు. పెంచలయ్య పెళ్ళాం పక్కన కూర్చొని మజ్జిగ పోస్తా ఉంది. నాకు ఏడుపొచ్చింది. ఆయనేమో నన్ను చూసి, “ఈ పక్కనించి చూస్తే ఆకు ఎంతుందో చూసినావా మే” అన్నాడు.

ఇప్పుడు అసలు ముచ్చట విను. మేమందరం మనిషి దక్కిన సంతోషంలో ఉంటే పోలయ్య మాత్రం ఒడ్డునే చూస్తా ఉండాడు. తెప్పని లాగినప్పుడు దాని ముందరున్న ఆకంతా గూడా కొట్టుకొచ్చి గట్టుకి కుప్ప పడింది, గడ్డివామంత! మా అలివి వల ఇట్టనే గదా వచ్చేది, రెండు కొసలూ రెండు గుంపులు పట్టుకుంటే ఇదంతా రాదా అన్నాడు. పెంచలయ్య నావైపు చూసినాడు. “ఒక కొస మాది. ఇంకోటి నువ్వు పడతావా అక్కా” అన్నాడు. పట్టకుండా ఉంటానా!

అబ్బబ్బ, ఆ పని చూడాల్సింది పాపా. పోలయ్య వాళ్ళ తాడు చెరువుకి అడ్డంగా వేసి, ఖాళీ డబ్బాలు కట్టి తేల్చి, ఒక కొస మా ఒడ్డు మీద, ఒక కొస వాళ్ళ ఒడ్డు మీద పట్టుకొని, కలుజు వైపు నడిచినాం. ఆడోళ్ళు, మగోళ్ళు, చర్చిలో పాటలు పాడేవాళ్ళు, గుళ్ళో భజన చేసేవాళ్ళు, అందరూ. వాళ్ళు ఒక అడుగు ముందుకేస్తే మేం ఒకటెయ్యాల, లేకపోతే తాడు వంకర పొయ్యి ఆకు జారిపోతాది. జీవితంలో మొదటిసారి ఎదురొడ్డోళ్ళ కాళ్ళు చూసి నడిచినాం! కలుజు దగ్గర ట్రాక్టర్లు పెట్టి ఎత్తినాం. ఎన్ని దినాలు పట్టిందో గుర్తులేదు, చేతులు బొబ్బలెక్కి ముద్ద కలుపుకునేదానికి గూడా రాలా. ఒక పొద్దున చూస్తే నడిమధ్యలో నీళ్ళు కనబడినాయి. ఎండ పడి తళతళా తళతళా! మేం ఈడ అరిస్తే వాళ్ళు ఆడ అరిచినారు. ఈసారి తిట్లు కాదులే.

ఎత్తిన ఆకు కుళ్ళినాక రెండు పక్కలా కయ్యలకి ఎరువుగా పంచుకున్నాం. పైరుకి మందు కొట్టే డబ్బాలు చెరువులో కడగకూడదని మాటనుకున్నాం. ఆదివారం మాకు చర్చి ఉంది, శనివారం వాళ్ళకి కొండ మీద సామికి మొక్కులు, అందుకని సోమవారం. దిగి చూసి, మొలక కనబడితే పీకేస్తాం. అంతే.

మొన్న పొద్దున్నే పెంచలయ్య ఫోన్. అక్కా, మీ ఒడ్డున రెండు మొక్కలు కనబడతా ఉండాయి, నేనొచ్చి పీకనా అని. నేను ఊరుకుంటానా! మా ఒడ్డువి మేం పీక్కుంటాంలే, నువ్వొచ్చి కాఫీ తాగిపో అన్నా. వచ్చినాడు. మీ తాతా ఆయనా కూర్చొని ఎంతసేపు మాట్లాడుకున్నారో... ఏం మాట్లాడుకున్నారో నాకేం తెలుసు, వాన సంగతులు, మోటార్ల సంగతులు...

చాలా పాపా? ఆ ఫోను ఆపేసి ఇట్టా దగ్గరికి రా, నీ తల మీద చెయ్యి పెట్టనీ. నువ్వు రేపు యాడ ఇల్లు కట్టుకుంటావో, ఏ ఊరు పోతావో. ప్రభువు నిన్ను చల్లగా చూడాల. నీ ఎదురొడ్డున మంచి మనుషులుండాల తల్లీ.