తడిబట్టకు గాలి కావాలన్న లాల్ అహ్మద్ గారు

1916వ సంవత్సరం జూన్ ఒకటవ తేదీన గద్వాలలోని ఒక చిన్న దవాఖానలో గాయాలకు కట్లు కట్టే నౌకరుగా కొలువులో చేరిన జనాబ్ లాల్ అహ్మద్ గారు, ముప్పై సంవత్సరాల అవిచ్ఛిన్న సేవానంతరం, ఈ 1946 మే మాసాంతమున నాగర్‌కర్నూల్‌లో టీకాదారుగా పదవీ విరమణ చేస్తున్నారు. పదిహేనేళ్లుగా వారి పక్క గదిలో మందులు కలుపుతున్న కంపౌండరు నర్సింహులనే నాకు ఈ అభినందన రాసే భాగ్యం దక్కింది. వారిని పొగడడం కష్టం కాదు. పొగుడుతుంటే వారిని ఊరుకోబెట్టడమే కష్టం.

గద్వాలలో చేరిన తొలి మాసంలోనే, జ్వరం చూడడానికి చెయ్యి ఉండగా ఈ గాజు పుల్ల ఎందుకని వారు డాక్టరుగారిని అడిగారట. డాక్టరుగారు వారి కుడిచేతిని వేడినీళ్లలో, ఎడమచేతిని బావినీళ్లలో కాసేపు ఉంచి, తరువాత రెండింటినీ ఒకే గోరువెచ్చని నీటి గిన్నెలో ముంచమన్నారు. ఒక చెయ్యి చల్లగా ఉందన్నది, మరొకటి వేడిగా ఉందన్నది. ఉన్నది ఒకే గిన్నె, ఒకే ఉష్ణోగ్రత. ఆనాటి నుండి లాల్ అహ్మద్ గారు చేతి సాక్ష్యాన్ని నమ్మడం మానేశారు. మేము రోగి నుదుటిపై చెయ్యి వేస్తే ఈనాటికీ ఓరగా చూస్తారు.

1923లో టీకాదారుగా శిక్షణ పొంది, వనపర్తి, ఖిల్లా ఘణపూర్ పరిసర గ్రామాలలో ఎనిమిదేళ్లు కాలినడకన తిరిగారు. మశూచి టీకా మందు సన్నని గాజు గొట్టాలలో వస్తుంది. అందులో ఉన్నది ప్రాణమున్న పదార్థం. ఎండలో పాలు విరిగినట్లు అదీ చెడుతుంది, కాని పాలలాగా వాసన చూపి హెచ్చరించదు. పొడిచిన చోట ఎనిమిదో రోజుకు పొక్కు లేస్తేనే మందు బతికి ఉన్నదని తెలిసేది. కనుక గొట్టాలను చిన్న మట్టికుండలో పెట్టి, కుండకు తడిబట్ట చుట్టి మోసుకుపోయేవారు.

1931లో వారు నాగర్‌కర్నూల్‌కు వచ్చారు. మరుసటి వేసవిలో ఉప్పునుంతల వైపు మశూచి పొడసూపడంతో, దానికి ఆవల నల్లమలలో ఉన్న ఒక చెంచుపెంటకు, అంటే చెంచుల గూడేనికి, బయలుదేరవలసి వచ్చింది. కుండకు దుమ్ము తగలకూడదనీ, తడి ఆరిపోకూడదనీ తలచి, రేకుల పని చేసే జయరాజు చేత బిగుతైన మూతగల డబ్బా చేయించి, కుండను అందులో పెట్టారు. పని చాలా చక్కగా ఉన్నదని మెచ్చుకున్నవారిలో నేనే మొదటివాణ్ణి. రెండు రోజుల నడక తరువాత కూడా బట్ట నిలువునా తడిగానే ఉన్నదట. వారు మురిసిపోయి నలభై ఇద్దరికి టీకాలు వేశారు.

ఎనిమిదో రోజున మళ్లీ వెళ్లి చూస్తే ఒక్క చేతి మీదా పొక్కు లేదు. పెంటవారేమో పండుగలా ఎదురొచ్చారు.

“నీ సూది మంచిది సాయిబూ! ఒక్కనికి నొప్పి లేదు, జరం లేదు” అన్నాడు బయన్న అనే యువకుడు.

నలభై రెండు టీకాలని పుస్తకంలో రాసి తిరిగి వస్తే అడిగేవారు లేరు. కాని మశూచి రెండు ఆమడల దూరంలో ఉన్నది, ఆ పిల్లలకు ఏ రక్షణా లేదు. లాల్ అహ్మద్ గారు పుస్తకం మూసి బయన్న వైపు తిరిగారు.

“నా మందు సచ్చిపోయింది బయన్నా. తప్పు నాదే. మళ్ల పొడవాలె.”

“సచ్చిన మందు మా పిల్లలకు పొడిసినవా?” అని బయన్న మండిపడ్డాడు. మిగిలినవారు పిల్లలను గుడిసెల్లోకి లాక్కున్నారు. అప్పుడు బయన్న తల్లి మైసమ్మ ముందుకు వచ్చి, మందు ఎట్లా తెచ్చావో చూపమన్నది. డబ్బా మూత తీసి, లోపల చెయ్యి పెట్టి నవ్విందట.

“దీనికి గాలేది సాయిబూ? మా నీళ్లకుండను గాలాడేకాడ పెడ్తం. గిట్ల మూసిపెడ్తే ఎన్ని బట్టలు సుట్టినా సల్లబడది.”

ఆమె చెప్పినదే శాస్త్రం. ద్రవమైన నీరు ఆవిరిగా మారేటప్పుడు, అందుకు కావలసిన వేడిని కుండ నుండే తీసుకుంటుంది, కుండ చల్లబడుతుంది. మూసిన డబ్బాలో గాలి ఆవిరితో నిండిపోతే బట్ట ఆరదు, ఆరని బట్ట వేడిని తీసుకోదు. తడి ఆరకపోవడం చూసి మేము సంతోషించాము, మందు చచ్చింది అందువల్లనే. మైసమ్మ ఇచ్చిన వెదురుబుట్టలో అదే కుండను పెట్టి వారు ఉష్ణమాపకంతో కొలిచారు. బయట నూట నాలుగు డిగ్రీలు, డబ్బాలో తొంభై ఎనిమిది, గాలాడే బుట్టలో డెబ్బై తొమ్మిది.

“కొత్త మందు తెస్త. పొడిపించుకుంటరా?” అని వారు భయపడుతూనే అడిగారట.

“నీ తప్పు నువ్వే చెప్పుకున్నవు. గందుకే చెయ్యి సాపుత. ముందుగాల నాకు పొడువు” అన్నది మైసమ్మ.

పది రోజులలో వారు బుట్టతో తిరిగి వెళ్లారు. ఈసారి ముప్పై తొమ్మిది మందికి పొక్కులు లేచాయి. మిగిలిన ముగ్గురికి మూడోసారి వేశారు. ఆ ఏడు చుట్టుపక్కల ఊళ్లలో మశూచి చాలామందిని తీసుకుపోయింది. ఆ పెంటలో ఒక్కరూ మంచాన పడలేదు. ఈ వాక్యం రాస్తుంటే నాకు కన్నీళ్లు ఆగడం లేదు, చదువరులు మన్నింతురు గాక.

అటుతరువాత పద్నాలుగేళ్లు బిజినేపల్లి మొదలు అడవి అంచు వరకు కొత్త టీకాదారులందరికీ వారే పని నేర్పారు. పాఠం ఎప్పుడూ ఆ రేకు డబ్బాతోనే మొదలయ్యేది. వారి శ్రీమతి సుల్తానాబీ గారి మాటల్లో, “ఇంట్ల నీళ్లకుండను గూడ దినాం గాలికి జరుపుతడు. మాకు పరేషానే!”

ఈ వ్యాసంలో పాత పొరపాటు ఎందుకని మా కచ్చేరివారు కొందరన్నారు. లాల్ అహ్మద్ గారు మాత్రం నా గది గుమ్మంలో నిలబడి, “ఆ నలభై ఇద్దరిని రాయకపోతే నా పేరు గూడ రాయొద్దు” అని ఖండితంగా చెప్పి వెళ్లారు. అందుకే రాశాను.

లాల్ అహ్మద్ గారూ, మీకు, సుల్తానాబీ గారికి భగవంతుడు నిండైన ఆరోగ్యాన్ని ప్రసాదించుగాక. మీ ఆయుష్షు ఎంత ఉండాలో కూడా మేము లెక్క వేసుకున్నాము. మశూచి పేరే వినని పిల్లలు ఈ నేల మీద పుట్టాలి. వారిలో ఒకరు మీ ఒడిలో కూర్చుని, మీ జబ్బ మీది టీకా మచ్చను తడిమి, “తాతా, గీ మచ్చ ఏంది?” అని అడిగేదాకా మీరు జీవించి ఉండాలి.